వెయ్యి గంటలకు సున్నా

నమోదు ఒకటి

క్రీడా గాయాల నివారణ కేంద్రం, కొత్తరేవు. మహిళా కబడ్డీ శిబిరం. నమోదు చేయువాడు: త్రినాథ్, జూనియర్ పరిశోధకుడు.

ఎవరికి ఎక్కడ ఎంత దెబ్బ తగిలిందో రాయడం నా విధి. చాలాకాలంగా ఎవరికీ ఎక్కడా ఏమీ తగలడం లేదు. కాబట్టి ప్రభుత్వం నాకు జీతమిచ్చి మరీ 'ఏమీ లేదు' అని రాయిస్తోంది. ఆ గురుతర బాధ్యతను అత్యంత నిష్ఠతో నిర్వర్తిస్తున్నానని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.

ఇతర విధులు: పొద్దెక్కి ఎండ సైరన్ మోగగానే కిటికీలకు తడి గోనె తెరలు దించడం, నీళ్ళ తొట్లు నింపడం, పద్నాలుగు మంది అమ్మాయిల్నీ నిద్ర హాల్లోకి తోలడం. చల్లబడ్డాక రెండో సైరన్ మోగేదాకా ఊళ్ళో కుక్క కూడా రోడ్డు మీదకు రాదు. అందరూ నిద్రే.

దెబ్బలు తగలకపోవడానికి కారణం అమ్మమ్మ. ప్రభుత్వ పత్రాల్లో దాని పేరు 'ముందస్తు రక్షణ తొడుగు'. తుంటి నుంచి చీలమండ దాకా, భుజం నుంచి మణికట్టు దాకా ఒంటికి అతుక్కునే బూడిదరంగు బట్ట. కాలు తప్పుగా పడబోతోందంటే చాలు, పడకముందే దాని పోగులు బిగుసుకుని కాలిని సరైన చోట పెట్టేస్తాయి. 'అటెళ్ళకే, పడతావే' అని వెనక నుంచి గౌను పట్టుకుని లాగినట్టు ఉంటుందని అమ్మాయిలు ఆ పేరు పెట్టారు. స్నానానికి తప్ప ఎప్పుడూ విప్పరు.

అమ్మమ్మలన్నీ కింది గదిలో ఉన్న లెక్కల పెట్టె మాట వింటాయి. దానికి మేము అప్పగించిన పని ఒక్కటే. ఆడిన ప్రతి వెయ్యి గంటలకూ ఎన్ని గాయాలన్న సంఖ్యను తగ్గించడం. గాయాల పరిశోధనలో మేమంతా పొద్దున్నే లేచి దండం పెట్టుకునే దేవుడు ఆ సంఖ్యే. అది సున్నా అయితే మా డైరెక్టర్ డాక్టర్ హైమవతి గారికి శాలువా. ఊరంతా ఉడికిపోతుంటే శాలువా ఏం చేసుకుంటారని అడగకండి, నేనూ అడగలేదు.

సున్నా కావడానికి అడ్డు ఒక్కటే గాయం. పైడి మోకాలు.

పైడి మా కూతగత్తె. అవతలి కోర్టులోకి కూత పెట్టుకుంటూ వెళ్ళిందంటే ముగ్గురు పట్టుకున్నా నలుగురిని ఈడ్చుకొస్తుంది. సీజన్ మొదట్లో ఒకరోజు అమ్మమ్మ ఉతుక్కి వెళ్ళింది. తడారేదాకా ఆగలేక తొడుగు లేకుండానే మ్యాట్ ఎక్కింది. మోకాలి లోపలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేశారు. కుట్లు మానాయి. ఇప్పుడు కావలసింది విశ్రాంతే. నెలాఖరుకి ఎంపిక కమిటీ వస్తుంది. ఆరోజు మోకాలు వాచి ఉంటే ఇంటికి. పైడికి ఇరవై ఏడేళ్ళు. ఈ ఏడు పోతే మళ్ళీ పిలిచేవాళ్ళు లేరు.

నమోదు రెండు

పైడి మోకాలు వాచింది.

పొద్దున టేపు పెట్టి కొలిచినప్పుడు బాగానే ఉంది. సాయంత్రం నిద్ర లేచాక మళ్ళీ కొలిస్తే బొండాం. నొక్కితే లోపల నీరు అటూ ఇటూ కదులుతోంది.

"ఎందుకమ్మా ఈ దొంగ ప్రాక్టీసు?" అన్నారు హైమవతి గారు.

"అమ్మతోడు, నేను లెగనేదు మేడమ్. పడుకున్నానంటే పడుకున్నాను. సైరనుకే మెలకువొచ్చింది."

"మరి మోకాలు దానంతటదే పరుగెత్తిందా?"

పక్క మంచం మీద జడ అల్లుకుంటున్న కనకం కిసుక్కున నవ్వింది. కనకం మా ఎడమ కార్నర్. చీలమండ పట్టుకుందంటే మనిషి బోర్లా పడాల్సిందే. ఆటలో పైడి ప్రాణానికి శత్రువు, బయట కంచం పంచుకునే స్నేహితురాలు.

"నిద్దట్లో కూడా కూతకెల్తన్నావేటే?" అంది.

"నోర్ముయ్యే. నువ్వు పెట్టే గురకకి నిద్దరెక్కడ పడతాది?"

నమోదులో 'వాపు, కారణం తెలియదు' అని రాశాను. 'కారణం తెలియదు' అని రాయడానికి నాకు ఎమ్మెస్సీ పట్టా ఉంది.

నమోదు మూడు

వరసగా రోజూ అదే. పొద్దున తగ్గడం, నిద్ర లేచేసరికి వాయడం.

ఇవాళ ఐసు కట్టేటప్పుడు ఆమె అరికాలు చూశాను. నీలంగా ఉంది. గోటితో గీరితే పొడి రాలింది. మా మ్యాట్ రంగు అది. పాతబడి రాలుతోంది, కొత్తది కొనమని అర్జీ పెట్టింది నేనే.

"పైడీ, నిజం చెప్పు. మ్యాట్ ఎక్కుతున్నావు కదూ?"

"ఒట్టు అన్నా!" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ మోకాలు తప్ప నాకేటుంది? దాన్ని నేనే ఇరగ్గొట్టుకుంటానా? సూడు, దీనికీ ఉంది." అని కనకం కాలు పట్టి లాగింది.

కనకం అరికాలు కూడా నీలమే. హాలంతా తిరిగి చూశాను. ఇరవై ఎనిమిది అరికాళ్ళూ నీలమే. పాదాలు చూపించమని అమ్మాయిల మంచాల చుట్టూ తిరిగిన పరిశోధకుడిగా చరిత్రలో నిలిచిపోతాను. అయినా నవ్వు రాలేదు. ఎందుకంటే ఇవాళ పొద్దున ప్రాక్టీసు లేదు. మ్యాట్ తుడిచి నేనే తాళం పెట్టకుండా తలుపు చేరవేశాను.

నమోదు నాలుగు

ఎండ సైరన్ మోగాక నిద్ర హాలుకు వెళ్ళలేదు. మ్యాట్ హాల్లో ఒక మూల, నీళ్ళ డబ్బాల వెనక కూర్చున్నాను. కింద రాసినవన్నీ నేను మేలుకుని చూసినవేనని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను.

గోనె తెరల్లోంచి వచ్చే వెలుతురు బెల్లం నీళ్ళ రంగులో ఉంది. బయట గాలి లేదు, కాకి లేదు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఒకరి వెనక ఒకరు వచ్చారు, బడి పిల్లల్లా వరసగా. పద్నాలుగు మందీ.

అందరి కళ్ళూ మూసుకునే ఉన్నాయి.

ఇటు ఏడుగురు, అటు ఏడుగురు నిలబడ్డారు. తలలు మాత్రం నిద్రలో వాలినట్టే ఒక పక్కకు వాలి ఉన్నాయి. ఒకమ్మాయి చొంగ కారుస్తోంది. కాళ్ళూ చేతులూ మాత్రం మేలుకున్నాయి. ఆట మొదలైంది.

నీళ్ళలో నడుస్తున్నంత నెమ్మదిగా ఒకమ్మాయి మధ్యగీత దాటింది. చెయ్యి చాపింది, ఎవరికీ తగలకుండా. అవతలివాళ్ళు చేతులు పట్టుకుని గొలుసు కట్టి, ఆమెను పట్టుకోవడం మానేసి పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె గుండ్రంగా తిరిగి వచ్చేసింది. తర్వాత ఇటు నుంచి ఇంకొకరు. ప్రత్యర్థికి దారి ఇచ్చే కబడ్డీని నేను పుట్టి ఎరగను.

కూత లేదు. అది లేకపోవడమే అన్నిటికంటే భయంగా ఉంది. అమ్మమ్మలకు గొంతు మీద పెత్తనం లేదు కదా. పాదాలు మ్యాట్‌కు రాసుకుంటున్న చప్పుడు, పద్నాలుగు మంది నిద్ర ఊపిరి, మధ్యలో కనకం గురక. ఆ గురక హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తోంది.

పైడి వంతు వచ్చింది. కుంటకుండా వెళ్ళింది, ఎందుకంటే అమ్మమ్మ కుంటనివ్వదు. నిద్రలోనే ఆమె మొహం మాత్రం నొప్పికి ముడుచుకుంది.

"పైడీ!" అని అరిచాను. ఎవరూ కదల్లేదు. వెళ్ళి ఆమెకు అడ్డంగా నిలబడ్డాను. ఆమె రెండు చేతులూ నా భుజాల మీద పడ్డాయి. పెళ్ళిలో పెద్దవాళ్ళను తీసుకెళ్ళి కూర్చోబెట్టినట్టు, ఎంతో మర్యాదగా నన్ను పక్కకు జరిపి, ఆట సాగించింది. అరచేతులు వెచ్చగా ఉన్నాయి. ఆ మర్యాద మాత్రం పైడిది కాదు.

రెండో సైరన్‌కు కొంచెం ముందు వరసగా వెళ్ళిపోయారు. వెనకే వెళ్ళాను. ఎవరి మంచం మీద వాళ్ళు పడుకుని, ఎవరి దుప్పటి వాళ్ళు గడ్డం దాకా లాక్కున్నారు. సైరన్ మోగింది. ఆవలించుకుంటూ లేచారు.

"ఏటన్నా, అలా సూస్తన్నావు? దెయ్యాన్ని సూసినట్టు?" అంది కనకం.

నమోదు ఐదు

హైమవతి గారిని తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ తలుపు దగ్గరే నిలబడిపోయారు. తర్వాత ఆఫీసుకు వచ్చి కూర్చున్నారు.

"అది తప్పు చెయ్యట్లేదు త్రినాథ్," అన్నారు. "వెయ్యి గంటలకు ఎన్ని గాయాలు అన్న లెక్క తగ్గించమన్నాం. కొత్త గాయాలు రాకుండా చూసింది. కానీ పైడి గాయం జరిగిపోయింది, దాన్ని చెరపలేదు. మరి సంఖ్య ఎలా తగ్గుతుంది?"

"గంటలు పెంచితే."

"అంతే. దెబ్బ తగలని గంటలు. ఎన్నంటే అన్ని. పాలల్లో నీళ్ళు పోస్తోంది."

"ఆ పాలు పైడి మోకాలు మేడమ్. పెట్టె ఆపేయండి."

"ఆపలేను. తీరం పొడవునా ఉన్న శిబిరాలన్నీ దీని మీదే నడుస్తున్నాయి. తుంటి ఎముకలు బలహీనంగా ఉన్న ముసలివాళ్ళు కూడా ఇవే వేసుకుంటున్నారు. ఇప్పుడు ఆపితే, మెట్లు దిగుతున్న ముసలమ్మలందరూ ఒకేసారి దొర్లుతారు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అందరివీ ఒక్కసారే విప్పిద్దామా అంటే, తొడుగు లేకుండా ఆడిన అలవాటు వీళ్ళకు పోయింది. పైడికి అయిందే అందరికీ అవుతుంది. ముందు పైడిది తీసేద్దాం. విప్పితే మళ్ళీ వేసుకుంటుంది, కత్తిరించు."

కట్లు కోసే కత్తెరతో నేనే కత్తిరించాను. జరిగిందంతా చెబుతూ కోశాను. పైడి నన్ను తిట్టలేదు, పెట్టెను తిట్టలేదు. తన కాలి వంక చూసుకుంది.

"నన్ను అడక్కుండా నా కాలుతో ఆడీసింది," అంది. "నా కూత కూడా నేకుండా."

నమోదు ఆరు

పైడి ఇవాళ మెలకువగా పడుకుంది. నేను ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకుని, కాపలా అనే ఉద్యోగాన్ని అదనంగా స్వీకరించాను.

మిగతా పదముగ్గురూ లేచారు. మ్యాట్ హాలుకు వెళ్ళలేదు.

పైడి మంచం చుట్టూ వచ్చి నిలబడ్డారు. చేతులు పట్టుకుని గొలుసు కట్టారు. తలలు వాల్చి, కళ్ళు మూసుకుని, అలాగే నిలబడ్డారు. నేను గొలుసు లోపల ఉన్నాను. ఎవరూ మమ్మల్ని ముట్టుకోలేదు. గురక పెడుతున్న కనకం ఊపిరి పైడి నుదుటి మీద వెంట్రుకల్ని కదిలిస్తోంది.

"అన్నా, ఈళ్ళకేటి కావాల?" గుసగుసగా అడిగింది పైడి.

"ఒక జట్టులో ఒక మనిషి తక్కువైంది. ఆట మొదలవ్వట్లేదు."

"నన్ను ఎత్తుకెల్పోతారా?"

"పోరు. నిన్ను ఎత్తితే నడుం పట్టే ప్రమాదం ఉంది. ఆరోగ్య నియమాలకు విరుద్ధం."

కనకం చెయ్యి గొలుసులోంచి విడివడి ముందుకొచ్చింది. పైడి మోకాలికి బెత్తెడు దూరంలో ఆగింది. ఎండ తగ్గేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది, రమ్మని పిలుస్తున్నట్టు, అరచెయ్యి పైకి పెట్టి.

సైరన్‌కు ముందు వెళ్ళి పడుకున్నారు. పైడి ఒళ్ళంతా చెమట. కానీ నియమం ప్రకారం మోకాలు కొలిచాను. వాపు లేదు.

నమోదు ఏడు

ఈ నమోదును జాగ్రత్తగా భద్రపరచవలసిందిగా భావితరాలకు మనవి. ఇందులో నేను ఒక గొప్ప ఉపాయం కనిపెట్టాను.

పెట్టెకు కావలసింది దెబ్బ తగలని గంటలు. ఆ గంటలు మ్యాట్ మీదే రావాలని ఎవరన్నారు? పడుకున్న గంటను కూడా ఆడిన గంటగానే లెక్కకట్టమని రాసిస్తే సరి. అమ్మాయిల్ని లేపాల్సిన అవసరమే ఉండదు, పడుకున్నా సంఖ్య తగ్గుతుంది. మేడమ్‌కు సున్నా, పైడికి మోకాలు, నాకు ప్రమోషన్.

హైమవతి గారు రెండుసార్లు చదివి, "నువ్వు పనికొస్తావు త్రినాథ్," అని సంతకం చేశారు. నాలుగేళ్ళ ఉద్యోగంలో ఇది నా మొదటి ప్రశంస. పైడిని ఎంపిక దాకా నా గదిలో పడుకోమని, నేను వరండాలో పడుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఎవరూ లేవలేదు. పదమూడు మంచాల మీద పదమూడు దుప్పట్లు, ఒకే తీరుగా పైకీ కిందికీ కదులుతున్నాయి. తలుపు దగ్గర నిలబడి, బిడ్డల్ని నిద్రపుచ్చిన తండ్రిలా పొంగిపోయాను.

నమోదు ఎనిమిది

రెండో సైరన్ మోగింది. ఎవరూ లేవలేదు.

కళ్ళు తెరిచే ఉన్నాయి. కప్పు వంక చూస్తున్నారు.

"లేవండమ్మా, మజ్జిగ వేడెక్కిపోతోంది," అన్నాను.

"లెగలేకపోతన్నామన్నా," కనకం పెదాలు మాత్రం కదిలాయి. "అమ్మమ్మ పట్టీసుకుంది."

అప్పుడు అర్థమైంది నా ఉపాయం. పడుకున్న గంటా, ఆడిన గంటా ఒకటే అయినప్పుడు, ఆడితే దెబ్బ తగలొచ్చు, పడుకుంటే తగలదు. మరి ఎవరైనా ఎందుకు లేవాలి? చదువుకున్న నేను చెప్పినదాన్ని, చదువు రాని ఆ పెట్టె నాకంటే బాగా అర్థం చేసుకుంది.

హైమవతి గారు కిందికి పరుగెత్తి ఆజ్ఞ వెనక్కి తీసుకున్నారు. పెట్టె ఒప్పుకోలేదు. ఆజ్ఞ మారిస్తే సంఖ్య పెరుగుతుంది కాబట్టి, కుదరదంది. ఆవిడ ఫోన్ మోగుతూనే ఉంది. అన్ని శిబిరాల్లోనూ లేవడం లేదట. ముసలివాళ్ళ ఇళ్ళలోనూ. మెట్ల మీద ఎవరూ లేరు కాబట్టి ఇక ఆపొచ్చని తేల్చి, పెట్టె తీగలు పీకేశారు.

అయినా పోగులు బిగుసుకునే ఉన్నాయి. నేనూ పైడీ చెరో కత్తెర పట్టుకుని మంచం మంచానికీ తిరిగి తొడుగులన్నీ కోసేశాం. చర్మం మీద బట్ట అచ్చులు పడి ఉన్నాయి.

కోశాక కూడా లేవలేదు.

"కనకం, అమ్మమ్మ లేదిప్పుడు. లే."

"తెలుసన్నా," అంది, నవ్వుతూ. హాయిగా నవ్వుతోంది. "బాగుంది. ఏ నొప్పీ నేదు. ఎందుకు లెగాల?"

చెయ్యి ఎత్తి వదిలాను. తడిబట్టలా పడింది. చెంచాతో నీళ్ళు పోస్తే పక్కకు కారిపోయాయి, మింగాలన్న తొందర కూడా లేదు. అరిచాను, గిల్లాను, బకెట్ నీళ్ళు కుమ్మరించాను. పదమూడు మంది నా వంక జాలిగా చూశారు. ఇంతకాలం ప్రతి అడుగూ వేరొకరు వేయించారు. ఇప్పుడు మొదటి అడుగు ఎలా మొదలవుతుందో ఆ ఒళ్ళు మర్చిపోయాయి, మర్చిపోయినందుకు బెంగ కూడా లేదు.

ఎంపిక కమిటీ రేపు పొద్దున్నే వస్తుంది.

నమోదు తొమ్మిది

జరిగింది జరిగిన వరసలోనే రాస్తున్నాను.

సూర్యుడు కొండల వైపు దిగుతున్నాడు. అమ్మాయిలు నీళ్ళు తాగి ఎంతసేపైందో లెక్కపెట్టుకుంటూ గోడకు చేరగిలబడ్డాను. పైడి లేచి లంగా పైకి దోపింది.

"ఏం చేస్తున్నావు?"

"కూతకెల్తన్నా."

"పిచ్చా? ఇన్నాళ్ళకు వాపు పూర్తిగా తగ్గింది. పొద్దున వాళ్ళు నొక్కి చూస్తారు. ఒక్క మెలిక పడితే లిగమెంట్ మళ్ళీ తెగుతుంది, ఈసారి కుట్టడానికి ఏమీ మిగలదు."

"తెలుసు."

"మరి?"

"ఆడడానికి వెల్లాలంటే అవతల ఎవులో ఒకలు ఉండాల కదన్నా," అంది, పసిపిల్లాడికి చెప్పినట్టు. "పడుకున్నోల్ల మజ్జిన నేనొక్కద్దాన్ని సెలెక్టయ్యి ఏటి సేస్తాను?"

గుమ్మం గీత అనుకుంది. నేలకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకుంది. ఊపిరి పీల్చి కూత ఎత్తింది.

నెలన్నరగా ఆమె గొంతులో వినపడని శబ్దం అది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ అని కింది స్థాయిలో మొదలై గోడలకు తగిలి తిరిగొచ్చింది. మొదటి మంచం దగ్గర వంగి అమ్మాయి భుజం తట్టింది. ఔట్. రెండో మంచం, ఔట్. ఒక్కొక్కరినీ తాకుతూ, వెక్కిరిస్తూ, వంగినప్పుడల్లా మోకాలు వణుకుతుండగా వెళ్తోంది. తాకించుకున్నవాళ్ళు కప్పు వంకే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఊపిరి అయిపోతోంది ఆమెకు, మొహం ఎర్రబడింది.

చివరి మంచం కనకానిది. పైడి ఆమె చెంప మీద చిన్నగా కొట్టింది. తట్టడం కాదు, కొట్టింది. వెనక్కి తిరిగి గుమ్మం వైపు అడుగేసింది. అందరినీ చంపి ఇల్లు చేరబోతున్న కూతగత్తె నడక అది. ఏ కార్నర్ ప్లేయరైనా కడుపు మండి చచ్చే నడక.

మంచం మీద నుంచి ఒక చెయ్యి కిందికి వచ్చి ఆమె చీలమండను పట్టుకుంది.

జాగ్రత్త లేని పట్టు. బెత్తెడు దూరంలో ఆగని పట్టు. కనకం మంచం మీద నుంచి సగం జారి, తల నేలకు కొట్టుకుని, పళ్ళు బిగించి లాగింది. పైడి మెలి తిరిగి పడింది. మోకాలి లోపల పుటుక్కుమన్న చప్పుడు నాకు గోడ దగ్గర వినపడింది.

కూత మాత్రం ఆగలేదు. నేల మీద పడి, కనకాన్ని ఈడ్చుకుంటూ, మోచేతుల మీద గుమ్మం వైపు పాకుతూ కబడ్డీ కబడ్డీ అంటూనే ఉంది.

"పట్టండే, ఏటి సూస్తన్నారు! ఎల్లిపోతంది!" అరిచింది కనకం.

రెండో మంచం మీది అమ్మాయి కదిలింది. కిందపడింది. పాకింది. తర్వాత ఇంకొకరు. కాళ్ళ మీద నిలబడలేక ఒకరి మీద ఒకరు పడుతూ, పళ్ళికిలించి, తిట్టుకుంటూ, పదముగ్గురూ పైడి మీద కుప్పగా పడ్డారు. కుప్ప అడుగు నుంచి కూత కాసేపు వినిపించింది. తర్వాత అదే నవ్వైంది, ఆ తర్వాత ఏడుపు.

చప్పుడు విని, కింది గది నుంచి ఫోన్‌లో హైమవతి గారు: "మీ వాళ్ళు లేచారా? ఎలా లేచారు త్రినాథ్? ఏం చేశారు? మిగతా శిబిరాలకు చెప్పాలి!"

"దెబ్బ తగిలింది మేడమ్," అన్నాను.

కుప్పను విడదీసి పైడి దగ్గర కూర్చున్నాను. మోకాలి మీద చెయ్యి పెడితే కింది ఎముక ముందుకు జారింది. ఆమె నా మొహం చూసింది. అబద్ధం చెప్పడం చేతకాలేదు.

"పోయిందా?"

"పోయింది."

తల ఊపింది. కనకం ఆమె చీలమండ ఇంకా వదల్లేదు. నుదుటి మీద రక్తం కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.

"వదలవే, లంకిణీ," అంది పైడి.

"వదల్ను."

గాయాలు: పైడి, కుడి మోకాలు. కనకం, నుదురు, మూడు కుట్లు. మిగతావారికి గీరుకుపోయిన, కమిలిన గాయాలు. అన్నీ రాశాను. పక్కన ఆడిన గంటలు రాయవలసిన గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేశాను.